కమలా నూనె తొట్టి

ఉవాజిమా స్టేషన్లో రైలు దిగి బయటికొచ్చే దారిలో, ఎడమచేతి గోడకి ఒక పెద్ద పోస్టరు ఉంటుంది. దోసిలి నిండా మికాన్ కమలాలు పట్టుకున్న రెండు చేతులు. ముఖం ఉండదు. కింద "ఈ చేతుల నుంచి మన సముద్రానికి" అని పెద్ద అక్షరాలు. ఆ చేతులు నావి. ముఖం ఎందుకు తియ్యలేదయ్యా అని ఫొటో తీసిన కుర్రాణ్ణి అడిగితే "మీ చేతులే అంతా మాట్లాడేస్తున్నాయండీ" అన్నాడు. ఇన్నేళ్ళుగా నా నోటితో వేగుతున్న మా ఆయన ఆ మాట విని, ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పుకుని నవ్వారు.

ఇప్పుడు ఆ దారిన పోవలసివస్తే తల అటు తిప్పుకుని పోతాను. సిగ్గుతో కాదు, కోపంతో.

నా పేరు సేకె తొమోయె. మాది సముద్రం మీదికి వాలిన కొండ. కింద రోడ్డు నుంచి పైదాకా రాళ్ళు పేర్చి కట్టిన మెట్లు, ప్రతి మెట్టు మీదా కమలా చెట్లు. మా కొండమీద కోత అంటే కాయ పీకి బుట్టలో పడెయ్యడం కాదు. ఒక్కో కాయకీ రెండు కత్తిరింపులు. మొదట తొడిమ కాస్త పొడుగ్గా ఉంచి కొమ్మ నుంచి వేరుచేయాలి. తర్వాత కాయని అరచేతిలో తిప్పుకుని ఆ తొడిమని మొదలంటా కత్తిరించాలి. లేకపోతే ఆ పుల్ల బుట్టలో పక్క కాయని గుచ్చుతుంది, ఆ కాయ కుళ్ళి పెట్టె మొత్తాన్ని పాడుచేస్తుంది. రెండో కత్తిరింపు కంటితో చేసేది కాదు, వేలికొసతో చేసేది. గ్లౌజు వేసుకున్న వేలికి తొడిమ ఎక్కడ ఆగి తొక్క ఎక్కడ మొదలైందో తెలియదు. మా కొండమీద నా అంత వేగంగా కోసే మనిషి ఇంకొకరు లేరు. గొప్పలు చెప్పుకుంటున్నానా? చెప్పుకుంటాను. చెప్పుకోవడానికి ఇక అదొక్కటే మిగిలింది.

పెళ్ళిచూపుల్లో మా ఆయన ఇసాము గారి మొహం నేను సరిగ్గా చూడనేలేదు. మా అమ్మ మోచేత్తో పొడుస్తున్నా తలెత్తలేదు. ఆయన టీ కప్పు అందుకోవడానికి వంగినప్పుడు చొక్కా చేతిలోంచి కమలా తొక్క వాసన గుప్పుమంది. అప్పుడే సరేననుకున్నాను.

కొండ కింద, చేపల మార్కెట్టుకి ఆనుకుని హ్యోదో గారి ఫ్యాక్టరీ ఉంది. ఆయన తండ్రి కాలంలో అక్కడ చేపలు ప్యాక్ చేసే తెల్లటి థర్మాకోల్ పెట్టెలు, సముద్రంలో చేపల పెంపకం వలలు తేలడానికి కట్టే థర్మాకోల్ బుంగలు తయారుచేసేవారు. తుపాను వచ్చినప్పుడల్లా ఆ బుంగలు పగిలి ఒడ్డంతా తెల్లగింజలు. పిల్లలు ఇసుకలో ఆడుకుని వస్తే జుట్టు నిండా అవే. తండ్రి పోయి కొడుకు చేతికి పగ్గాలు వచ్చాక, ఆ పాపం కడుక్కుంటున్నట్టుగా అదే థర్మాకోల్‌ని కరిగించి మళ్ళీ వాడుకునే పని మొదలుపెట్టాడు. కరిగించడానికి పెట్రోలు సరుకు వాడితే తల తిరుగుతుంది, గాలీ నీరూ పాడవుతాయి. అందుకని రసం ఫ్యాక్టరీలో పారేసే మా కమలా తొక్కల్నే కొని, కాచి నూనె తీయించాడు. దానికి లిమొనీన్ అని ఓ పేరుంది. మేము మాత్రం నూనె అనేవాళ్ళం.

చూడముచ్చటైన పని అది. నా నడుమెత్తు పెట్టెల కుప్పని ఆ నూనెలోకి తోస్తే చుస్సుమని గాలి వదిలేసి, అడుగున పాకంలాంటి ముద్దగా మిగిలేది. ఆ ముద్దని మూత బిగించిన పాత్రలో వేడిచేసి నూనెని వెనక్కి లాగేవాళ్ళు. మిగిలిన ప్లాస్టిక్ గింజలుగా మారి కొత్త పెట్టెలకి పోయేది, నూనె మళ్ళీ కరిగించడానికి వచ్చేది. మా తొక్కలకి కొనేవాడు దొరికాడు, ఒడ్డు శుభ్రపడింది, నాలాంటి ఆడవాళ్ళకి కోతలు లేని రోజుల్లో కూలి దొరికింది. నిజంగానే మంచి పని. ఆ మాట ఇప్పటికీ అంటాను. నా కోపం పని మీద కాదు.

నా కోపం తొట్టి మీద.

నూనె ఎన్నోసార్లు తిరిగొచ్చాక నీరసపడుతుంది, థర్మాకోల్‌ని సరిగ్గా కరిగించదు. అలాంటి నూనెని తీసి బాయిలర్లో మండించెయ్యాలని మా ఫ్యాక్టరీకి మత్సుయామా నుంచి వచ్చిన కెమిస్టు మినోబే మొదట్లోనే చెప్పింది. కానీ హ్యోదో గారికి మండించడానికి మనసొప్పదు. ఆయనకే కాదు, మాలో ఎవరికి మాత్రం ఒప్పుతుంది? గిన్నెకి అంటుకున్న మెతుకుని కూడా అన్నం తినే పుల్లలతో ఏరుకునే మనుషులం. పైగా అది మన కొండ కాయలోంచి వచ్చింది. అందుకని ఆ పాత నూనెని మార్కెట్టు నుంచి తెచ్చిన నీలం ప్లాస్టిక్ తొట్టిలో పోసి, చేతులు కడుక్కునే కుళాయి పక్కన పెట్టించాడు. యంత్రాల గ్రీజు ఎంత మొండిదైనా, అందులో చెయ్యి ముంచి గుడ్డతో తుడిస్తే క్షణంలో పోయేది. మూత లేదు, రోజంతా గాలికి అలాగే ఉండేది. మేమంతా మురిసిపోయాం.

"వదినా, దీంతో రుద్దితే మా ఆయన ఒంటిమీద చేపల కంపు కూడా పోతుందేమో, ఓ సీసా పట్టుకెళ్తా" అనేది సావా. అది పడవల మీద చేపలు పట్టే ఇంటి కోడలు, నా పక్కన నిలబడి పెట్టెల లేబుళ్ళు పీకే మనిషి.

"కంపు పోతే చీకట్లో మొగుడెవరో ఎలా తెలుస్తుందే నీకు?" అన్నాను.

"గురక ఉందిగా, అది ఏ నూనెకీ పోదు!"

ఓ ఉదయం మీటింగులో మినోబే లేచింది. చేతులు ముందు కట్టుకుని, చూపు నేలమీద పెట్టి మాట్లాడింది. "పాత నూనె గాలి తగిలితే మారిపోతుందండీ. చర్మానికి... అంత మంచిది కాకపోవచ్చు. తొట్టికి మూత అయినా, గ్లౌజులు అయినా..."

హ్యోదో గారు చిరునవ్వుతో తలాడించారు. "మంచి విషయం చెప్పారు. ఆలోచిద్దాం."

మా దగ్గర పెద్దవాళ్ళు ఆలోచిద్దామన్నారంటే ఇక ఆ ఊసు ఎత్తకమని. ఆ అమ్మాయికి అది తెలుసు. నడుం వంచి థాంక్స్ చెప్పి కూర్చుంది.

గ్లౌజులు వేసుకోవద్దని మాత్రం ఎవరూ అనలేదు. బీరువాలో డబ్బా నిండా ఉండేవి. కానీ ఎవరైనా వేసుకుంటే మిగతావాళ్ళందరూ ఓసారి చూసేవాళ్ళు, అంతే. ఆ చూపు చాలదూ? మన తొక్క నూనెకి భయపడుతోంది చూడు, అన్న చూపు. రైతు సంఘంవాళ్ళు, స్కూలు పిల్లలు, జిల్లా ఆఫీసర్లు చూడ్డానికి వచ్చినప్పుడైతే హ్యోదో గారు నన్ను ముందు నిలబెట్టేవారు. "ఈవిడ తోట కాయలే ఈ నూనె. చూడండి, వట్టి చేతులతో!" అనేవారు. నేను మణికట్టు దాకా చేతులు ముంచి, కరిగిన ముద్దని ఎత్తి చూపించేదాన్ని. అందరూ "ఓ" అనేవాళ్ళు. నాకూ బాగానే ఉండేది, అబద్ధం ఎందుకు? పోస్టరు తీసింది అలాంటి ఓ రోజునే.

వానాకాలంలో వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. గిన్నెల సబ్బు మార్చాను. తర్వాత చర్మం పగిలింది. వయసైపోయిందనుకున్నాను. అక్టోబరులో, తోటలో ముందుగా పండే రకం కోతకొచ్చింది. ఆకుపచ్చ ఇంకా వదలని మొదటి కాయని భోజనాలయ్యాక వలిచి, సగం ఆయనకిచ్చి సగం నేను తిన్నాను. తెల్లారేసరికి కనురెప్పలు ఉబ్బి కళ్ళు తెరుచుకోలేదు.

"ఎవరితో కొట్లాడి వచ్చావే?" అన్నారు మా ఆయన.

"మీతో కొట్లాడ్డానికే టైము చాలటం లేదు, బయటివాళ్ళతో ఎక్కడ?" అన్నాను. కానీ అద్దంలో చూసుకున్నాక నవ్వు రాలేదు.

టౌన్లో చర్మం డాక్టరు నా వీపంతా చిన్న చిన్న అట్టముక్కలు అంటించాడు. ఒక్కోదాని కింద ఒక్కో పదార్థం. నేను ఓ సీసాలో తాజా నూనె, ఇంకో సీసాలో తొట్టి నూనె పట్టుకెళ్ళాను, వాటినీ అంటించాడు. విప్పి చూస్తే తాజా నూనె ఉన్నచోట ఏమీ లేదు. తొట్టి నూనె ఉన్నచోట ఎర్రగా పొంగి నీరు చేరింది.

"గాలి తగిలి మారిపోయిన నూనె ఇది. రోజూ రాసుకున్నట్టున్నారు, మీ ఒళ్ళు దీనిమీద పగపట్టింది" అన్నాడు డాక్టరు. "ఇక మికాన్ ముట్టుకోకండి. తొక్కలో నూనె కూడా గాలికి కాస్తో కూస్తో ఇలాగే మారుతుంది. మీకు ఆ కాస్త చాలు."

"ఎన్నాళ్ళండీ?"

"ఇది తగ్గేది కాదమ్మా. ఒకసారి పట్టిందంటే ఎప్పటికీ ఉంటుంది."

"డాక్టరు గారూ, మాది కమలా తోటండీ" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.  పాపం, ఆయన మాత్రం ఏమంటాడు?

మర్నాడే హ్యోదో గారి గదికి వెళ్ళి చెప్పాను. ఆయన తోసిపుచ్చి ఉంటే నాకు సుఖంగా ఉండేది. తిట్టేవాణ్ణి తిట్టడం నాకు వచ్చు. ఈయన లేచి నిలబడి, నుదురు బల్లకి తగిలేదాకా వంగారు. తలెత్తినప్పుడు కళ్ళు చెమర్చి ఉన్నాయి, అది నటన కాదు.

"ఎంత కష్టం పెట్టానండీ మిమ్మల్ని! తప్పంతా నాది. ఆస్పత్రి సంగతి నేను చూసుకుంటాను." గొంతు తగ్గించి, "ఒక్క మనవి తొమోయె గారూ. వచ్చే మంగళవారం ఒసాకా నుంచి సూపర్ మార్కెట్టువాళ్ళు వస్తున్నారు. వాళ్ళ చేపల ట్రేల ఆర్డరంతా మనకే ఇచ్చే మాట. పోస్టరులో చేతులావిణ్ణి చూడాలని వాళ్ళే అడిగారు. ఒక్కసారి ముంచి తీస్తే చాలు. తొట్టిది కాదు, తాజా నూనె పోయిస్తాను."

"డాక్టరు ముట్టుకోవద్దన్నాడండీ."

"అవునవును. మీ ఇష్టమే. నేను బలవంతం చెయ్యను" అని మళ్ళీ వంగారు. "ఇది పోతే మాత్రం వచ్చే ఏడాది తొక్క కొనలేను. ఆ మాట కొండమీదవాళ్ళకి ఎలా చెప్పాలో, అదే తెలియటం లేదు."

మా వాళ్ళు బలవంతం చెయ్యడం అంటే ఇదే. మొత్తం కొండని తెచ్చి నా తలమీద పెట్టి, మీ ఇష్టం అన్నాడు.

ఇంట్లో చెబితే మా ఆయన అన్నం తినే పుల్లలు కింద పెట్టేశారు. "వెళ్ళకు."

"వెళ్ళకపోతే తొక్కలు ఎవరు కొంటారు? రేపు సంఘంలో మన మొహం ఎవరైనా చూస్తారా?"

"చేతులు పోతే కోత ఎవరు కోస్తారే? వాళ్ళ మొహాలు కోస్తాయా?"

ఆయన నోటి వెంట అంత పొడుగు మాట రావడమే అరుదు. నాకు ఏడుపొచ్చింది, తిట్లలోకి మార్చేసుకున్నాను.

వార్త కొండెక్కడానికి ఎంతసేపు? సాయంత్రం కల్లా సంఘంలో ఆడవాళ్ళ విభాగానికి పెద్ద, యకుషిజిన్ గారి భార్య, వేడివేడి జాకోతెన్ పొట్లం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. చేపముద్ద వేపుడు నాకు ఇష్టమని ఆవిడకి తెలుసు.

"ఒంట్లో బాగాలేదట కదా, పాపం. మంగళవారానికి తగ్గిపోతుందిలెండి. ఒక్క క్షణం పనే కదా. మీ చేతులంటే మా అందరి చేతులే తొమోయె గారూ."

"అయితే ఈసారి మీవి ముంచండి."

ఆవిడ పకపకా నవ్వింది. "మీ హాస్యం ఎప్పుడూ ఇంతే!" అని పొట్లం గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. నేను హాస్యం ఆడలేదు.

మంగళవారం వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే ఏం చెప్పను? ఆ కొండమీదే బతకాలి గనక వెళ్ళాను. ఒసాకావాళ్ళు వచ్చారు, అందరూ సూట్లే. వాళ్ళలో మాట్లాడే అధికారం ఉన్నవాడు బక్కపలచటి నడివయసు మనిషి. తెల్ల బట్ట పరిచిన బల్లమీద గాజు పాత్రలో తాజా నూనె, పక్కన థర్మాకోల్ పెట్టెలు, నా చేతుల ఫొటో ఉన్న కరపత్రాలు. హ్యోదో గారు నన్ను పిలిచారు. నేను బీరువా దగ్గరికి వెళ్ళి, డబ్బా తెరిచి, నీలం గ్లౌజులు తీసుకుని తొడుక్కుని వచ్చాను.

 ఆ చూపే, ఇప్పుడు అందరి కళ్ళలోనూ ఒక్కసారే. నేను పెట్టె ముక్కని నూనెలో ముంచాను. చుస్సుమంటూ కరిగింది. ముద్దని ఎత్తి చూపించాను. ఈసారి ఎవరూ "ఓ" అనలేదు.

ఒసాకా ఆయన కరపత్రం చూసి, నన్ను చూసి, "గ్లౌజులు వేసుకోవాలా అండీ దీనికి?" అన్నాడు.

హ్యోదో గారు నవ్వేశారు. "అబ్బే, అదేం లేదండీ. తొమోయె గారికి గిన్నెల సబ్బు పడలేదు, పాపం. చేతులు కాస్త పగిలాయి."

ఇక నేను తలాడించాలి. గది మొత్తం అందుకే ఎదురుచూస్తోంది. సావా నేలచూపులు చూస్తోంది. నేను గ్లౌజులు తీసి, రెండు చేతులూ ఆ తెల్ల బట్టమీద కరపత్రాల పక్కన పెట్టాను. పగిలి, రసి కారి, గోళ్ళ చుట్టూ చర్మం ఊడి ఉన్నాయి. పక్కన ఫొటోలోవీ అవే.

"సబ్బు కాదండీ. ఈ నూనే. పాతబడ్డదాన్ని పారెయ్యబుద్ధికాక తొట్టిలో పోసి, మూత లేకుండా పెట్టి, అందరం దాంతోనే చేతులు కడుక్కున్నాం. నాకు పడలేదు. ఇక జన్మలో నేను కమలా ముట్టుకోకూడదు."

 అంతా పోయిందనుకున్నాను. ఫ్యాక్టరీ పోయింది, తొక్కలు పోయాయి, కొండమీద మా ఇంటికి మంచీ చెడ్డా చూసే మనిషి ఉండడు అనుకున్నాను. వెనక వరసలోంచి మినోబే గొంతు వినిపించింది. "నిజమేనండీ. తాజా నూనెతో కాదు, పాతదానితో."

ఒసాకా ఆయన నా చేతులకేసి చూసి, నొచ్చుకున్నట్టు తల పంకించాడు. "చాలా కష్టపడి ఉంటారు" అన్నాడు. తర్వాత మినోబే వైపు తిరిగాడు. "మరి ఏం చేస్తే సరిపోతుంది?"

"పాత నూనె మండించెయ్యాలి. తొట్టి తీసెయ్యాలి, లేదా మూత పెట్టాలి. గ్లౌజులు వేసుకోవాలి."

"అంతేనా?"

"అంతేనండీ."

"అయితే ఇబ్బంది ఏముంది? ఆ మూడు ముక్కలూ ఒప్పందంలో చేర్చుదాం" అని ఆయన తర్వాతి పేజీ తిప్పాడు. ట్రేలు ఎంత మందం, వారానికి ఎన్ని లారీలు, ఆ మాటల్లో పడిపోయారు. నా చేతులు ఇంకా బల్లమీదే ఉన్నాయి. ఎవరో కరపత్రాలు సర్దుతూ మెల్లిగా వాటిని పక్కకి జరిపారు, చేతుల్ని కాదు, కరపత్రాల్ని.

 ఒప్పందం పోయి ఉంటే కూడా నాకు ఇంత కోపం వచ్చేది కాదు. నిజం చెబితే కొండ కూలిపోతుందని అందరూ కలిసి నన్ను భయపెట్టారు, నేనూ భయపడ్డాను. చెబితే ఏమైంది? ఏమీ కాలేదు. ఓ మూత, ఓ డబ్బా గ్లౌజులు. ఇంత తేలికైన పని ఆ అమ్మాయి లేచి చెప్పిన ఉదయమే చేసి ఉంటే నా చేతులు నాకు ఉండేవి.

నవంబరులో కోతలు మొదలయ్యాయి. ఒకరు చెప్తే వినే మనిషినైతే ఇంట్లో కూర్చునేదాన్ని. రెండు జతల గ్లౌజులు ఒకదాని మీద ఒకటి వేసుకుని, మొహానికి గుడ్డ కట్టుకుని మెట్లెక్కాను. మొదటి కత్తిరింపు బాగానే పడింది. రెండోదానికి వేలికి తొడిమ తెలియలేదు. కత్తెర తొక్కలోకి దిగింది. ఇంకోటి కోశాను, అదీ అంతే. బుట్టలో నేను కోసినవన్నీ గాయాలతో ఉన్నాయి, రసం గ్లౌజు అంచులోంచి మణికట్టు మీదికి కారి మంట ఎత్తుకుంది. పై మెట్టు మీంచి మా ఆయన చూస్తున్నారని నాకు తెలియదు. దిగొచ్చి, నా చేతిలోంచి కత్తెర తీసుకుని తన జేబులో వేసుకున్నారు.  ఏదైనా అంటే బాగుండు, తిరిగి నాలుగు అనేదాన్ని. నేను మెట్లు దిగి ఇంటికొచ్చి కూలివాళ్ళకి అన్నం వండాను.

అప్పట్నుంచి ఆయన కొండ దిగాక బయట కొట్టంలోనే బట్టలు మార్చుకుని, కుళాయి దగ్గర చేతులు రుద్దుకుని లోపలికి వస్తున్నారు. మా ఇంట్లో చలికాలంలో కాళ్ళు వెచ్చగా పెట్టుకునే దుప్పటి బల్లమీద కమలాల పళ్ళెం లేకపోవడం నాకు తెలిసి ఇదే మొదటిసారి.

ఏడాది చివరి పనిరోజున ఫ్యాక్టరీ అంతా శుభ్రంగా కడిగి, అందరం వరసల్లో నిలబడ్డాం. పని మెరుగుపడేలా మంచి సూచన ఇచ్చినవాళ్ళకి ఆ రోజు బహుమతి ఇస్తారు. హ్యోదో గారు ప్రశంసాపత్రం విప్పి, గొంతు సవరించుకుని చదివారు. "గ్లౌజుల వాడకం, తొట్టికి మూత అనే అమూల్యమైన సూచనలు చేసి, మన పనిచోటుని మరింత సురక్షితం చేసినందుకు, ఈ ఏటి ఉత్తమ సూచన బహుమతి, సేకె తొమోయె గారికి."

చప్పట్లు. మినోబే కూడా కొట్టింది. ఆ సూచన ఎవరిదో ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు, హ్యోదో గారికీ తెలుసు. నేను ముందుకి నడిచి పత్రం అందుకున్నాను. చేతులు కాస్త మానాయి, పత్రం పట్టుకోగలను.

తర్వాత ఆయన వెనక్కి తిరిగి, ఎర్రా తెల్లా దారం బొమ్మ అచ్చేసిన కాగితం చుట్టిన పెట్టె ఒకటి ఎత్తి, రెండు చేతులతో నా ముందుకి చాచి వంగారు. ఏటా బహుమతితో పాటు ఇచ్చేదే. ఆ ఏటి కాయల్లోకెల్లా మేలైన మికాన్ పెట్టె. కాగితం పక్కనుంచి అట్టమీద గుండ్రం గీతలో మా ఇంటి ముద్ర కనిపిస్తోంది. మా తోట కాయలే. నా చెయ్యి లేకుండా మా ఆయన కోసినవి.

కావాలని చేశాడనుకుంటే తేలికగా ఉండేది. కాదు. ఆఫీసు అమ్మాయి ఏటా తెప్పించినట్టే తెప్పించింది, ఆయన ఏటా ఇచ్చినట్టే ఇస్తున్నారు. మర్చిపోయారని కూడా అనను. మర్చిపోవాలంటే ముందు మనసులో ఉండాలి కదా.

రెండు చేతులతో ఇచ్చింది రెండు చేతులతో అందుకోవాలి. మా దగ్గర పసిపిల్లలకి కూడా మొదట నేర్పేది అదే. ఆయన వంగే ఉన్నారు. చప్పట్లు సాగుతూనే ఉన్నాయి. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"కింద పెట్టండి" అన్నాను.

ఆయన తలెత్తి అర్థంకానట్టు చూశారు.

"అవి మా తోట కాయలు. నేను ముట్టుకోలేను. కింద పెట్టండి."

చప్పట్లు ఆగిపోయాయి. ఆయన మొహంలోకి రక్తం ఎక్కి, మళ్ళీ పాలిపోయింది. ఎవరైనా వచ్చి ఆదుకుంటారేమోనని అటూ ఇటూ చూసి, చివరికి మోకాళ్ళు వంచి ఆ పెట్టెని నా కాళ్ళ ముందు నేలమీద పెట్టారు. నాకు సంతోషం కలగలేదు. కలుగుతుందనుకున్నాను.

సావా వరసలోంచి బయటికొచ్చింది. ఏప్రాన్ జేబులోంచి కొత్త నీలం గ్లౌజులు తీసి తొడుక్కుని పెట్టె ఎత్తుకుంది. "పద వదినా, బండి దాకా నేను తెస్తా."

పెట్టెని నా ట్రక్కు వెనక పెట్టాక వెళ్ళకుండా అక్కడే నిలబడింది. మెడకి చుట్టుకున్న తువ్వాలు కాస్త లాగి చూపించింది. చెవి కింద నుంచి ఎర్రగా దద్దుర్లు.

"వేసవి నుంచీ ఉంది వదినా. ఎవరికీ చెప్పకు."

"చెప్పకపోవడం ఏమిటే? ఇప్పుడే లోపలికెళ్ళి చెప్పు! నా గతి చూశావు కదా!"

"ఏం చెప్పను? పనిచోటు బాగుపడిందని ఇప్పుడే కదా అందరం చప్పట్లు కొట్టాం" అంది. తువ్వాలు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. దాన్ని జుట్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళాలనిపించింది. ఈడ్చుకెళ్తాను కూడా, సెలవులు అవనీ.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వాకిట్లోనే ఉన్నారు. ట్రక్కు వెనక పెట్టె చూశారు, మా ముద్ర చూశారు.  పెట్టెని కొట్టంలోకి మోసుకెళ్ళి, తలుపు దగ్గర పీటమీద కూర్చుని ఓ కాయ వలిచి తిన్నారు. తర్వాత ఇంకోటి. కిటికీ అద్దంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఈ ఏడు తీపి బాగా పట్టిందని ఆయన నమిలే తీరులోనే తెలిసింది. తినేసి, తొక్కలు దూరంగా పారేసి, చల్లటి నీళ్ళ కింద చేతులు ఎర్రబడేదాకా రుద్దుకున్నారు. చొక్కా మార్చుకుని లోపలికొచ్చి, దుప్పటి బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చున్నారు.

అయినా వాసన వచ్చింది. ఆనాడు టీ కప్పు అందుకోవడానికి వంగినప్పుడు వచ్చిన వాసనే. ఇప్పుడు ఆ వాసనకే కనురెప్పల్లో దురద మొదలైంది.

నేను ఆయన మొహం చూడకుండా లేచి, కిటికీ తెరిచాను.